కిలో ఇరవై రెండు

మిట్టూరులో మా మిద్దె మీద గది.
గోడలకు కోడిగుడ్ల అట్టలు,
తలుపు వెనక మా పెండ్లి నాటి బొంత.
పద్నాలుగేండ్లుగా దీన్ని స్టూడియో అంటా ఉండాను.
కరెంటోళ్లు మాత్రం ఇల్లనే రాస్తారు.

పాత మిషను కండ్లు తెరవాలంటే ఐదు నిమిషాలు.
పన్నెండు ట్రాకులు దాటితే ఆయాసం.
డప్పు మీద కాస్త ఎకో వేస్తే
నీలం తెర, తెల్ల అక్షరాలు,
దినకర్మ కార్డు మాదిరి.
"దీనికింక మందుల్లేవన్నా" అన్నాడు వేలాయుధం,
స్క్రూడ్రైవరు చెవి మీద పెట్టుకోని.

ఒకటి మారిస్తే చాలనుకున్నా.
కొత్త సాఫ్ట్‌వేర్‌కి కొత్త విండోస్ కావాలంట.
కొత్త విండోస్‌కి ఈ ర్యామ్ చాలదంట.
ర్యామ్ పెంచితే బోర్డు ఒప్పుకోదంట.
బోర్డు మారిస్తే
ఆవును అమ్మి కొన్న సౌండు కార్డుకు
కూచునే చోటే లేదంట.

ఎలుక గోచీ కొరికిందని పిల్లిని సాకి,
పిల్లి పాలకని ఆవును కొని
సంసారంలో పడిన సన్యాసి గుర్తొచ్చినాడు.
నాకు ఆవు ముందే పోయింది.

కొత్తది వచ్చింది. టిఫిను క్యారియరంత.
ఫ్యాన్ లేదు.
స్విచ్చి వేసి చాలాసేపు చూస్తా కూచున్నా,
ఇంకా ఆన్ కాలేదనుకోని.
పక్కింటి కుక్కరు మూడో విజిలు,
అట్టల వెనక బల్లి,
నా గుటక
ఇన్నేండ్లకు ఒక్కసారిగా వినపడినాయి.
భయమేసి కిటికీ తెరిచినా.

పాత ఫైళ్లు చూపిస్తే
కొత్త సాఫ్ట్‌వేర్ మొహం తిప్పుకునింది.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ప్రకటన,
ధర్మరాజుల తిరునాళ్లలో నాలుగు రాత్రుల భారతం,
ఒకే బాణీలో రెండు పార్టీల ఎన్నికల పాటలు...
ఏదీ తెలీదంట.
నిన్న కాపరానికొచ్చిన కోడలు కూడా
పాత గిన్నెల పేరు అడిగి తెలుసుకుంటాది.

అప్పుడే కింద వీధిలో ఆటో.
"పాత ఇనప సామాన్లు, పగిలిన బిందెలు,
ఆగిపోయిన ఫ్యాన్లు, చెడిపోయిన కంప్యూటర్లు కొంటాం..."
గొంతు నాదే.
తొమ్మిదేండ్ల కింద, జలుబులో,
ఐదొందలకు చెప్పింది.

పాత మిషన్ని బిడ్డను ఎత్తుకున్నట్టు దించినా.
జిలానీ కాటాకు తగిలించినాడు.
ఆరు కిలోల నాలుగొందలు. కిలో ఇరవై రెండు.
"నూటా నలభైన్నా. ఎనభై పైసలు వదిలెయ్."

స్పీకరు పక్కనే నిలబడినానా,
మాటకూ మాటకూ నడుమ సందులో
గుయ్‌మని ఏదో.
చెయ్యి పెట్టక్కర్లేదు, నాకు తెలుసు.
దీని ఫ్యానే.
తొమ్మిదేండ్లుగా వీధి వీధీ తిరిగి
నన్ను కొనండని
ఇదే అరస్తా ఉండాది.

జిలానీ అన్నాడు:
"కొత్త మిషను తెచ్చినావంట గదా,
ఫోను నంబరు మారింది, మళ్లీ ఒకసారి చెప్పియ్యి.
నూటా నలభై అందులో పట్టుకో."

చెప్పినా. ఒకే టేకు.
కడిగిన గాజు గ్లాసు మాదిరి వచ్చింది.
జిలానీ హెడ్‌ఫోను తీసి చేతిలో తిప్పినాడు.
"ఇది నా ఆటో కాదన్నా.
వెనకాల గుయ్‌మంటాదే, అదేదీ?
అది వింటేనే గ్రీంస్‌పేట ఆడోళ్లు గోతాలు తీసేది."

కొత్త సాఫ్ట్‌వేర్లో వెతికినాం.
చప్పుడు తీసేసే మార్గాలు పదకొండు.
పెట్టే మార్గం వేలాయుధానికీ దొరకలేదు.

ఆటోలోంచి దాన్ని మళ్లీ మోసుకొచ్చినాం,
పైన అంటుకున్న బిందె ముక్క దులిపి.
ఐదు నిమిషాలకు కండ్లు తెరిచింది.
మైకు దాని తట్టు తిప్పినా,
ఇన్నేండ్లలో ఇదే మొదటిసారి.
ముగ్గురం ఊపిరి బిగబట్టినాం.
రికార్డు నొక్కినా.

రెండో నిమిషంలో నీలం తెర వచ్చింది.
ఫ్యాన్ ఆగలేదు.